పలచగా పడ్డ అచ్చు

రోలర్లను అచ్చు మిషను మీద వదిలేయకూడదు. పని అయిపోగానే విప్పి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, గోడకున్న కొక్కేలకు తగిలించాలి. మా ఆయన ముప్పై ఏళ్లు ఈ మాట చెప్పాడు. అన్నం తినడం మరిచిన రోజులున్నాయి గానీ, రోలర్లు విప్పడం మరిచిన రోజు ఆయనకు లేదు. చివరి రోజు మాత్రం అవి మిషను మీదే ఉండిపోయాయి. పని మధ్యలో స్టూలు మీద నుంచి పక్కకు జారిపోయిన మనిషిని నెల్లూరు తీసుకుపోయాం. తలలో నరం చిట్లిందన్నారు. మూడో రోజు శవాన్ని ఇంటికి తెచ్చుకున్నాం. ఆ తర్వాత పెద్దకర్మ దాకా ఇంటినిండా జనం. జనం పోయాక మిషను గదికి తాళం వేశాను. రోలర్ల సంగతి గుర్తు రాలేదని చెబితే అబద్ధం. ఒకసారి గుర్తొచ్చింది. లేవలేకపోయాను.

తాళం తీసేసరికి ఆయన పోయి పదో నెల. రోలర్లను ఎలుకలు తినేశాయి. మావి రబ్బరు రోలర్లు కావు. వడ్రంగులు వాడే వజ్రం జిగురు, బెల్లం కలిపి కాచి, గొట్టంలో పోసి చేసుకునేవి. బెల్లం ఉన్నచోటికి ఎలుక రాకుండా ఉంటుందా. గింజలు వొలిచేసిన జొన్న కంకుల మాదిరి ఇనుప కడ్డీలు మిగిలాయి. వాటిని చేతిలో పట్టుకుని ఆ గడపలోనే కూర్చున్నాను. ఆయన చనిపోయినప్పుడు పడని దెబ్బ అప్పుడు పడింది నాకు.

మాది ఉదయగిరి. మా ఆయనకు అచ్చు మిషను ఉండేది. పెద్దది కాదు, బల్ల మీద పెట్టుకునే చేతి మిషను. పైన గుండ్రటి ఇనుప పళ్లెం, దాని మీద సిరా. కుడిపక్కన పిడి. పిడి కదిలిస్తే రోలర్లు పళ్లెం మీది సిరా అందుకుని సీసపు అక్షరాల మీద దొర్లుతాయి. పిడి కిందికి లాగితే, కార్డు పెట్టిన ఇనుప పలక వచ్చి ఆ అక్షరాలకు ఒత్తుకుంటుంది. ఒక లాగుకు ఒక కార్డు. పెళ్లి కార్డులు, చావు కార్డులు, రసీదు పుస్తకాలు, గుడి చందా కాగితాలు. అక్షరాల చుట్టూ ఖాళీల్లో బిగించడానికి చెక్కముక్కలు కావాలి. అవి మా ఊళ్లో గరిటెలు చెక్కేవాళ్ల దగ్గర మిగిలిన ముక్కలు. అడిగితే గుప్పెడు ఇచ్చేవాళ్లు.

నాకు చదువు లేదు. ఇప్పుడు కూడా నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. కానీ అక్షరాలు తెలియవని కాదు. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ, అచ్చయిపోయిన అక్షరాలను కడిగి మళ్లీ వేటి గూట్లో వాటిని వేసే పని నాదే. సీసం మీద అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. నేను నేర్చుకున్నదీ అట్లాగే. కాగితం మీద చదవమంటే తడుముకుంటాను. సీసం మీదైతే వేలితో తాకి చెప్పేస్తాను. రోలర్లకు జిగురు కాచే వంట కూడా నాదే. నేను ముట్టనిది ఒక్క పిడే. అది ఆయన పని.

ఆయన పెద్దకర్మకు కార్డులు ఆత్మకూరులో కంప్యూటరు మీద కొట్టించారు. మబ్బుల మధ్య ఆయన ఫొటో, పైన పూలు. బాగాలేదని అనను. కానీ ఊరిలో ఎవరు పోయినా కార్డు అచ్చేసిన మనిషి, తన కార్డు వేరే మిషను మీద కొట్టించుకున్నాడు. చావు కార్డు అచ్చేశాక పెళ్లి కార్డు మొదలుపెట్టే ముందు రోలర్లు రెండుసార్లు కడిగి, మిషను మీద పసుపు నీళ్లు చల్లేవాడు. ఒకరి చావు ఇంకొకరి పెళ్లికి తగలకూడదని. అంత పద్ధతైన మనిషి. అందుకని, ఏడాది నాటికి, సంవత్సరీకం కార్డు ఆయన మిషను మీదే పడాలని మొక్కుకున్నాను.

కొండాపురంలో కాపురముంటున్న మా కూతురు ఆ మాట వినగానే తల పట్టుకుంది.

"నీకేమన్నా పిచ్చామ్మా? ఫోన్లో పంపిస్తే గంటలో కార్డులు చేతికిస్తారు. ఆ ఇనప ముద్దకు మెకానిక్కు యాడ దొరుకుతాడు?"

"దొరక్కపోతే నా చేత్తోనే రాసిస్తాలే."

"నువ్వు రాసేదా? అన్నీ తిరగరాస్తావు. వచ్చినోళ్లందురూ తలా ఒక అద్దం తెచ్చుకోవాల."

ఇద్దరం నవ్వాం. ఆయన పోయాక నేను నవ్వడం అదే మొదలు. నవ్వు సగంలోనే ఏడుపైంది. అది కూడా నాతో పాటు ఏడ్చింది. ఏడ్చాక తానే పది మందిని అడిగి, ఆత్మకూరులో బస్సు డిపో దగ్గర లేత్ షాపు పెట్టుకున్న ముసలి సాయిబు ఒకాయన పాత అచ్చు మిషన్లు బాగు చేసేవాడని కనుక్కుని చెప్పింది.

మిషనుకు ఆయన దుప్పటే చుట్టి, సామాను ఆటోలో ఎక్కించి, పక్కనే కూర్చున్నాను. ఆత్మకూరు దాకా గతుకు వచ్చిన ప్రతిచోటా పిడి ఎగిరి ఎగిరి నా మోకాలికి తగిలింది. చెయ్యి వేసి పట్టుకున్నాను. చంటిబిడ్డ చెయ్యి పట్టుకున్నట్టు దారంతా వదల్లేదు.

సాయిబు దుప్పటి తీశాడు. చుట్టూ తిరిగి చూశాడు.

"ఇట్టాంటివి ఆత్మకూరులో ఎన్నో బాగుచేసినాను మా. ఒకటి మిగల్లా. అన్నీ కిలోల్లెక్క పోయినాయి." తుప్పు మీద నూనె పోసి గుడ్డతో రుద్దుతూ పలక వెనక్కి చెయ్యి పోనిచ్చాడు. అక్కడ ఆగిపోయాడు. "దీన్ని ఎవురు ముట్టుకున్నారు?"

"మా ఆయన తప్ప ఎవురూ ముట్టలేదన్నా."

"ఆయనకు పని తెలుసునా?"

నాకు కోపమొచ్చింది. "ముప్పై ఏండ్లు దీనిమీదే గంజి తాగినాం. తెలవకుండానేనా?"

"తెలిసినోడు ఇట్టా చెయ్యడే." నన్ను దగ్గరికి పిలిచి చూపించాడు. పలక వెనక నాలుగు మూలల్లో నాలుగు బోల్టులు. పలక అక్షరాలకు ఎంత గట్టిగా ఒత్తుకోవాలో చెప్పేది అవే. నాలుగూ బాగా వెనక్కి తిప్పేసి ఉన్నాయి. "ఇంత వదులు చేస్తే పలక అచ్చరాలకు తగిలీ తగలనట్టు ఉంటాది. ఇంక అచ్చు యాడ పడతాది మా? పలచగా, దయ్యం రాసినట్టు పడతాది."

పలచగా పడేది నిజమే. చివర చివర ఆయన అచ్చు అట్లాగే పడేది. నేను చూడకనా.

వరికుంటపాడు నుంచి ఒక పెళ్లిపెద్ద కార్డులన్నీ సంచిలో వేసుకుని తిరిగి తెచ్చాడు ఒకసారి. పెళ్లికూతురి పేరు కనిపించీ కనిపించనట్టు పడింది. "నా బిడ్డ పేరే కనపడకపోతే ఇది ఎవురి పెళ్లనుకోవాల?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పరాయి మనిషి ముందరే మా ఆయన మీద పడ్డాను.

"ఏందయ్యా, చెయ్యేమన్నా పడిపోయిందా నీకు? ఇంత ఇనప పిడి లాగలేవా? మగోడివి కాదా?"

ఆయన నవ్వాడు. "సిరా మంచిది రాలేదులేమే" అన్నాడు. కార్డులు మళ్లీ అచ్చేసి ఇచ్చాడు. ఆ పెళ్లి తర్వాత వరికుంటపాడు నుంచి ఎవరూ రాలేదు. ఉన్న కాస్త గిరాకీ కూడా ఆత్మకూరు కంప్యూటర్లకు పోయింది. దానికీ నేను ఆయన్నే అన్నాను.

సాయిబుకు ఇదంతా నేను చెప్పలేదు. ఆయన తన పని చేసుకుంటూ పోయాడు. బోల్టులు తిప్పే ముందు, అవి ఎక్కడున్నాయో సుద్దముక్కతో గీతలు పెట్టుకున్నాడు. అలవాటేమో. ఆ తర్వాత పలక మీద పరిచిన కాగితాలు విప్పాడు. ఒత్తిడి మెత్తగా పడటానికి పలక మీద కాగితాలు పరిచి ఉంటాయి. అన్నిటికన్నా పైన గట్టి కాగితం ఒకటి. ఆ పైకాగితానికే గుండుసూదులు గుచ్చుతారు, పెట్టిన కార్డు జారకుండా ఆగడానికి. ఏటా ఆయుధపూజ నాడు మిషనుకు బొట్లు పెట్టి కొత్త పైకాగితం వేసేవాడు మా ఆయన. పాతది పారేసేవాడు కాదు. దాని మీదే కొత్తది. లావైతే లోపలి నుంచి పలచని కాగితం ఒకటి లాగేసేవాడు.

సాయిబు కాగితాలను ఒక్కొక్కటిగా వెలుతురుకు పట్టి చూశాడు. వాటి వెనక, ఏ అక్షరం పలచగా పడితే ఆ అక్షరం కిందికి వచ్చేట్టు, సిగరెట్టు కాగితం ముక్కలు గోరంత గోరంత అతికించి ఉన్నాయి. ఎన్ని ముక్కలో. సాయిబు వాటిని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

"తప్పు మాటన్నాను మా. ఈయనకు పని బాగా తెలుసు. బోల్టులు వదులు చేసి, ఆ తక్కువను ఈ ముక్కల్తో పూడ్చుకుంటా వచ్చినాడు. ఎంత ఓపిక ఉండాల దీనికి. ఎందుకు చేసినాడో అదే తెలవడంలా." పిడి దగ్గరికి వచ్చాడు. పిడికి నీళ్ల పైపు ముక్క తొడిగి, ఎడమవైపుకు వంచి, గుడ్డ చుట్టి ఉంది. దాన్ని పట్టుకుని చూసి అడిగాడు. "మీ ఆయనది ఎడంచెయ్యి వాటమా?"

"కాదన్నా. అన్నీ కుడిచేత్తోనే."

"అయితే ఇట్రా. ఈ బెజ్జాలు చూడు." పైకాగితాల మీద సూదులు గుచ్చిన చోట్లు చూపించాడు. "పిడి కుడిపక్కన ఉండాది. కుడిచేత్తో పిడి లాగేవోడు ఎడంచేత్తో కార్డు పెడతాడు. సూదులు దానికి తగ్గట్టు ఈ పక్క గుచ్చుకుంటాడు. కింద కాగితాలన్నిట్లో బెజ్జాలు అట్టానే ఉండాయి. పైన రెండిట్లో మాత్రం ఆ పక్కకి పోయినాయి. అంటే కార్డు కుడిచేత్తో పెట్టినాడు, పిడి ఎడంచేత్తో లాగినాడు. ఎడంచెయ్యి అందక పైపు తొడిగినాడు. బలం చాలక బోల్టులు వదులు చేసినాడు."

కాగితాలు కింద పెట్టి మెల్లగా అన్నాడు.

"కుడిచెయ్యి పట్టు పోయింది మా ఈయనకి."

రెండు కాగితాలు. రెండు దసరాలు. ఆయన పోయింది ఆ రెండో దసరా తర్వాత వచ్చిన మాఘంలో.

నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ నన్నే అడిగింది. ఇంతకుముందు చెయ్యి తిమ్మిరెక్కడం, పట్టు తప్పడం ఏమన్నా ఉండిందా అని. "ఏమీ లేదమ్మా, నిన్నటిదాకా మిషను లాగినాడు" అని గట్టిగా చెప్పాను. భార్యను కదా, నాకు తెలియకుండా ఏముంటుందని.

ఆ లేత్ షాపు గడపలో, ఇనుప రజను మీద కూర్చుండిపోయాను. ఒక్కొక్కటీ వచ్చి మీద పడుతోంది. మిషను బల్లను కుడివైపు గోడ వారకు జరిపి, "కిటికీ వెలుతురు బాగా పడతాదే" అన్నాడు. వెలుతురు కాదు, ఎడమచెయ్యి ఆడటానికి చోటు. ఉన్నట్టుండి ఒకరోజు అన్నం చెక్క గరిటెతో తినడం మొదలుపెట్టాడు. "మన ఊరి గరిటెలు దేశమంతా కొనుక్కుంటావుంటే, మనం తినకూడదా?" అన్నాడు. నేను నవ్వి, "దొరగారికి ఇంకేం కావాల" అన్నాను. ఆ దొరగారికి ముద్ద కలుపుకునే చెయ్యి లేదు. పక్కనే కూర్చుని వడ్డించిన దాన్ని నేను.

ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు. చెబితే మిషను అమ్మేయమంటానని భయపడ్డాడేమో. అమ్మేయమనేదాన్నే. అమ్మేసి, ఆ మనిషిని నెల్లూరు తీసుకుపోయేదాన్ని. అప్పుడే పోయి ఉంటే బతికేవాడా అంటే ఆ మాట ఏ డాక్టరూ చెప్పలేడు. నేను మాత్రం రోజూ అడుగుతూనే ఉంటాను.

సాయిబు టీ తెప్పించి నా పక్కన పెట్టి, తన పని తాను చేసుకున్నాడు. పట్టేసిన కీళ్లకు నూనె పట్టించాడు. విరిగిన స్ప్రింగు మార్చాడు. సాగిపోయిన కడ్డీని సరిచేశాడు. కాగితాలు ఉన్న వరసలోనే మళ్లీ పరిచి, నాలుగు బోల్టులూ బిగించి, నాలుగు మూలలా కాగితం ముక్క పెట్టి లాగి, ఒత్తిడి సమానంగా ఉందో లేదో చూసుకున్నాడు. తన దగ్గరున్న పాత రబ్బరు రోలరు చేత్తోనే దొర్లించి ఒక కార్డు తీశాడు. నల్లగా, నిండుగా పడింది. చెయ్యి తిరిగిన రోజుల్లో మా ఆయన అచ్చు ఎట్లా పడేదో అట్లా.

"ఒకసారి లాగి చూడు మా" అన్నాడు.

లేచాను. ముప్పై ఏళ్లలో ఆ పిడి లాగడం అదే మొదటిసారి. కుడిచేత్తో లాగాను. సగం దాకా వచ్చి ఆగిపోయింది. రెండు చేతులూ వేసి, ఒళ్లు వంచి లాగితే కిందికి దిగింది. భుజంలో ఏదో కలుక్కుమంది. ఒక్క కార్డుకు. ఆయన రోజుకు వందలు లాగేవాడు. నేను దాన్ని "ఇంత ఇనప పిడి" అన్నాను.

"అన్నా, బోల్టులు మళ్లీ ఎట్టుండెనో అట్టా పెట్టు."

సాయిబు నా మొహం చూశాడు. "పలచగా పడతాది మా."

"పడనీ అన్నా. నేను లాగలేను. ఆయన లాగినట్టు అయితే లాగతాను."

సుద్ద గీతలు ఉండనే ఉన్నాయి. ఒక్కొక్క బోల్టూ తిప్పి గీతకు తెచ్చి ఆపాడు. పైపు ముక్క మళ్లీ తొడిగాడు. దానికి చుట్టిన గుడ్డ మురికిగా ఉందని మార్చబోయాడు. వద్దన్నాను.

ఇంటికొచ్చి జిగురు కాచాను. కొలతలు నాకు కంటితోనే తెలుసు. వజ్రం నానబెట్టి, బెల్లం వేసి, సన్నని సెగ మీద తీగ సాగేదాకా తిప్పి, నూనె రాసిన గొట్టంలో కడ్డీ నిలబెట్టి పోశాను. చలికాలం కాబట్టి మర్నాటికే గట్టిపడింది. ఈసారి అవి ఒక్క పూట కూడా మిషను మీద లేవు. మొదటి రోజు పని ముగించి రోలర్లు విప్పి కొక్కేలకు తగిలించినప్పుడు, "తగిలించినానయ్యా" అని పైకే అన్నాను. గదిలో ఎవరూ లేరు.

చావు కార్డుకు ఆయన అక్షరాలు ఎప్పుడూ పేర్చే ఉంచేవాడు, దారం చుట్టి. ఎవరైనా పోతే పేరు, తిథి మార్చి అచ్చేయడమే. సంవత్సరీకానికి కూడా దాన్నే కాస్త సవరించేవాడు. ఆ దారం విప్పాను. అందులో ఇంకా ఎవరిదో పాత పేరు ఉంది. అది తీసి గూళ్లలో వేసి, ఆ ఖాళీలో ఆయన పేరు పేర్చాను. మా వైపు ఆడవాళ్లం మొగుడి పేరు నోటితో చెప్పం. నేను ఎన్నడూ చెప్పలేదు. ఆ రోజు వేళ్లతో చెప్పాను, ఒక్కో అక్షరం. చదువు రాని దాన్ని, ఆ ఒక్క పేరుకు తప్పు పోలేదు.

మూడు మధ్యాహ్నాలు పట్టింది. కార్డు కుడిచేత్తో పెట్టడం, పిడి ఎడమచేత్తో లాగడం. ఆయన సూదులు గుచ్చిన బెజ్జాల్లోనే సూదులు గుచ్చాను. అచ్చు పలచగానే పడింది. ఆయన పేరు మరీ పలచగా పడితే, దాని కిందికి వచ్చేట్టు సిగరెట్టు కాగితం ముక్క ఒకటి అతికించాను. కాస్త తేరుకుంది. ఎడమభుజం రాత్రికి లేవలేదు. నొప్పి ఇంత ఉంటుందని తెలిసింది. తెలిసి ఏం చేయను.

కార్డులు పంచడానికి కూతురూ అల్లుడూ తిరిగారు. వరికుంటపాడుకు మాత్రం నేనే పోతానన్నాను.

ఆ పెళ్లిపెద్ద ఇంటి ముందర గొర్రెపిల్లలకు నీళ్లు పెడుతున్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. ఉదయగిరి అచ్చు మిషనాయన భార్యనని చెప్పాను.

"అయ్యో, పోయినాడంట గదమ్మా. మంచాయన. నీళ్లు తాగతావా?" కార్డు తీసుకుని ఎండకు పట్టి చదివాడు. చావు కార్డు ఇంట్లోకి తీసుకుపోకూడదు కాబట్టి, చదివి చూరులో చెక్కాడు. "అచ్చు శానా పలచగా పడినట్టుండాదే" అన్నాడు.

"మీ పాప పెళ్లి కార్డులు కూడా ఇట్టానే పడినాయన్నా. మీరు తిరిగి తెచ్చిచ్చినారు."

"తెచ్చినానా?" ఆలోచించాడు. "ఏమోమ్మా, నాకు గుర్తు లేదు. ఇప్పుడు దానికి బిడ్డ కూడా ఉండాది."

ఆ రోజు తన ముందర నా మొగుణ్ని నేనన్న మాట కూడా ఈయనకు గుర్తు లేదు. ఆ మాట విన్నది మేం ముగ్గురం. ఒకరు పోయారు, ఒకరు మరిచిపోయారు.

"అప్పుడు ఆయన చెయ్యి బాగలేదన్నా," అన్నాను. "సిరా తప్పు కాదు. పని రాక కాదు. చెయ్యి బాగలేదు. అది చెప్పేదానికే వచ్చినాను."

ఆయనకు ఏమీ అర్థం కాలేదు. తల మాత్రం ఊపాడు. "సరేలేమ్మా, ఎండలో వచ్చినావు, నీళ్లన్నా తాగిపో" అన్నాడు.

చెంబు అందుకోవడానికి రెండు చేతులూ చాపబోతే ఎడమది లేవలేదు. కుడిచేత్తో తీసుకుని తాగి, బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చాను.